గొప్ప రాష్ట్రం ఏది? ప్రశ్న మారాలి



రాత్రి భోజనాలయ్యాక ట్రంకు పెట్టెల మీద కూర్చొని మన హాస్టళ్ళలో చెప్పుకునే కబుర్లలో ఎప్పుడూ ఉండేది ఒకటుంది. పక్క రాష్ట్రాలవాళ్ళు ఎలాంటివాళ్ళు అన్నది. "అరవోళ్ళు వాళ్ళ భాష తప్ప ఇంకోటి మాట్లాడరు." "మలయాళీలకు తెలివెక్కువ, కానీ యూనియన్లు పెట్టి ఫ్యాక్టరీలు మూయిస్తారు." "కన్నడిగులు మెతక." ఇక చెన్నైలోనూ బెంగుళూరులోనూ మన గురించి అనుకునేవి పనికి పోయివచ్చిన అన్నలు చెబుతూనే ఉంటారు. గొల్టీలు, కారం తింటారు, కోపమెక్కువ, సినిమా పిచ్చి, కట్నాల పిచ్చి. ఉత్తరాదికి పోతే ఈ తేడాలేమీ లేవు. అక్కడ అందరం ‘మద్రాసీ’లమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి వేరుపడినా ఆ పిలుపు మాత్రం మనల్ని వదల్లేదు.

మన ఇంట్లో మాత్రం తక్కువా? సీమ అంటే బాంబులు, తెలంగాణ అంటే మోటు భాష, కోస్తా అంటే గడుసుతనం, శ్రీకాకుళం అంటే వలస కూలీలు. 2014లో రాష్ట్రం రెండయింది గానీ ఈ ముద్రలు రెండు పక్కలా అలాగే మిగిలాయి.

సరదాకి అనుకుంటే ఏం పోయింది అని కొందరు అడగవచ్చు. ముద్ర పడితే ఏం పోతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ‘హాస్టలోళ్ళు’ అనే మాట విని పెరిగినవాళ్ళం మనం. గోడ దూకి సెకండ్ షోకి పోతారు, చదవరు, తిని పడుకుంటారు, ‘సర్కారు అల్లుళ్ళు’ అని ఊరంతా అంటుంది. ఒకే ట్యూబ్‌లైటు కింద ముప్పై మంది చుట్టూ కూర్చొని చదివి పాసైనా ఆ మాట పోదు. మన మీద ఆ మాట పడినప్పుడు ఎంత మండుతుందో, ఎక్కడో ఉన్న మరో మనిషి మీద మనం వేసే మాట కూడా అంతే మండిస్తుంది. అందుకే ఈ విషయం గురించి హాస్టల్ విద్యార్థులు మిగతావాళ్ళకంటే జాగ్రత్తగా ఆలోచించాలని నా అభిప్రాయం.

తేడాలు ఉన్నాయి, దాచవద్దు

ముద్రలు తప్పు అన్నంత మాత్రాన రాష్ట్రాల మధ్య తేడాలు లేవని కాదు. ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత కేరళలో 94 శాతం, తమిళనాడులో 80, కర్ణాటకలో 75, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67. దేశం మొత్తం సగటు 73. అంటే దక్షిణాదివాళ్ళమని గొప్పలు చెప్పుకునే మనం దేశ సగటుకే ఆరు మెట్లు కింద ఉన్నాం.

పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో ఏడాది నిండకుండానే చనిపోయినవారు 2020 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం కేరళలో 6, తమిళనాడులో 13, కర్ణాటకలో 19, తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవారు కేరళలో నూటికి 6, తమిళనాడులో 13, కర్ణాటకలో 21, తెలంగాణలో 23కు పైన, ఆంధ్రప్రదేశ్‌లో 29. మన ఊళ్ళలో పదో తరగతి తర్వాత హాస్టల్‌కు తిరిగిరాని చెల్లెళ్ళు గుర్తుకొస్తే ఈ అంకె వెనుక ఏముందో ఎవరూ వివరించనక్కర్లేదు.

డబ్బు లేక ఇలా ఉందా అంటే అదీ కాదు. తలసరి ఆదాయంలో తెలంగాణ, కర్ణాటక 2022-23 నాటికే కేరళను దాటి ఉన్నాయి. హైదరాబాదులో, బెంగుళూరులో అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల నీడ పాలమూరు దాకా, రాయచూరు దాకా పోలేదు.

ఇంకో లెక్క కూడా చూడండి. ప్రతి లక్ష కాన్పుల్లో చనిపోయిన తల్లులు 2018-20లో కేరళలో 19. తర్వాత తెలంగాణ 43, ఆంధ్రప్రదేశ్ 45. తమిళనాడు 54, కర్ణాటక 69. అంటే ఇక్కడ తెలుగువాళ్ళం తమిళనాడు కంటే ముందున్నాం. 2005లో మన దగ్గరే మొదలైన 108 అంబులెన్సులు, ఊరూరా తిరిగే ఆశా అక్కలు, ఆసుపత్రిలో కాన్పులు కలిసి చేసిన పని ఇది. దీనికీ రెండో వైపు ఉంది. అదే 2019-21 సర్వేలో తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. అయినా ఒక సంగతి తేలుతోంది. పట్టుబట్టి పనిచేసిన చోట మనం ముందుకొచ్చాం, పట్టించుకోని చోట వెనకబడ్డాం. రక్తంలోనో బుర్రలోనో తేడా ఉంటే ఒక లెక్కలో వెనక, ఇంకో లెక్కలో ముందు ఎలా ఉంటాం?

తెలివి కాదు, పోరాటం

"మలయాళీలు పుట్టుకతోనే తెలివైనోళ్ళు" అనేవారు కేరళ పాత చరిత్ర ఒకసారి చదవాలి. తాకితేనే కాదు, దగ్గరికి వస్తేనే మైల అన్న నేల అది. అక్కడి కులపిచ్చిని చూసే వివేకానందుడు మలబారును పిచ్చాసుపత్రితో పోల్చాడు. అలాంటి చోట అయ్యంకాళి (1863-1941) అనే పులయ కులస్థుడు, తాను అక్షరం ముక్క నేర్వకపోయినా, మన పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే మీ పొలాల్లోకి దిగేది లేదని వ్యవసాయ కూలీల చేత సమ్మె చేయించాడు. కూలి పెంచమని జరిగిన సమ్మెలు చాలా విన్నాం. బడి కోసం కూలీలు పని మానేయడం ఎక్కడైనా విన్నామా? ఆ తర్వాత నారాయణ గురు శిష్యులు, మిషనరీలు, కమ్యూనిస్టులు, 1945లో పి.ఎన్. పణిక్కర్ మొదలుపెట్టిన గ్రంథాలయ సంఘం, 1970 నుంచి అమలైన భూసంస్కరణలు, ఊరూరా తిరిగిన అక్షరాస్యత కార్యకర్తలు. ఇంతమంది కష్టం మీద 1991 ఏప్రిల్ 18న కేరళ సంపూర్ణ అక్షరాస్యత ప్రకటించుకుంది. అది కొబ్బరినూనె మహిమ కాదు.

తమిళనాడు సంగతీ అంతే. చిన్నప్పుడే చదువు ఆగిపోయిన కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక, 1950లలోనే బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించాడు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని పెద్దఎత్తున విస్తరించాడు. బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది 2001లో. అంటే తమిళ పిల్లలు అప్పటికి ఎన్నో ఏళ్ళుగా బడిలో తింటున్నారు. 2022లో అక్కడ ఉదయం టిఫిన్ కూడా మొదలుపెట్టారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో ప్రార్థనలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లల్ని చూసినవాళ్ళకు ఆ టిఫిన్ విలువ తెలుస్తుంది. కర్ణాటకలో 1970లలో దేవరాజ్ అర్స్ భూసంస్కరణలు తెచ్చాడు, వెనకబడిన కులాల పిల్లలకు హాస్టళ్ళు పెంచాడు.

మనకూ అలాంటి చరిత్ర ఉంది. మనమే మరిచిపోతున్నాం. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచీ దళిత పిల్లల కోసం బడులు పెట్టాడు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖలో కూర్చొని మన హాస్టళ్ళను, గురుకులాలను తన సొంత ఇంటి పనిలా చూసుకున్నారు. నెల్లూరు జిల్లాలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. ఏడాది తిరక్కుండా ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ మన సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు. ‘సర్కారు అల్లుళ్ళు’ అన్న నోళ్ళు ఆ రోజు ఏమన్నాయో మరి!

సగటు కింద ఎవరున్నారు?

ఇంతవరకు చెప్పిన అంకెలన్నీ సగటులు. సగటును నమ్మేటప్పుడు మన మెస్‌ను గుర్తు తెచ్చుకోవాలి. వంద మందికి వంద గుడ్లు ఉడికితే లెక్కలో తలకొక గుడ్డు. లైను ముందున్న పెద్ద క్లాసువాళ్ళు రెండేసి తీసుకుంటే చివరి యాభై మందికి ఉత్త చారే. రిజిస్టర్‌లో మాత్రం సగటు సరిగ్గానే ఉంటుంది.

రాష్ట్రాల లెక్కా ఇంతే. 2011లో కర్ణాటకలోని దక్షిణ కన్నడ జిల్లాలో అక్షరాస్యత 88 శాతం దాటితే, యాదగిరిలో 52కు చేరలేదు. మన హైదరాబాదులో 83 ఉంటే మహబూబ్‌నగర్‌లో 55. వీళ్ళందరినీ కలిపి ‘కన్నడిగులు ఇంతే’, ‘తెలుగువాళ్ళు ఇంతే’ అంటే ఏమైనా అర్థముందా? 94 శాతం కేరళలోనే గిరిజనుల అక్షరాస్యత 76. అట్టప్పాడిలో ఆదివాసీ పసిపిల్లలు తిండిలేక చనిపోతున్నారని 2013లో దేశమంతా విన్నది. అయితే ఇంకోటీ చెప్పాలి. అదే కేరళలో ఎస్సీల అక్షరాస్యత 88 శాతం దాటింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలది 62, ఎస్టీలది 49. అక్కడి చివరి వరస మన మొదటి వరస కంటే ముందుంది. మనం సిగ్గుపడాల్సిందీ, ప్రభుత్వాలను నిలదీయాల్సిందీ ఈ అంకె దగ్గరే.

ఒక్క విషయంలో మాత్రం నాలుగు భాషలవాళ్ళకూ తేడా కనబడదు. 1968లో తమిళనాడులోని కీళవెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో పెట్టి తగలబెట్టారు. 1985లో మన కారంచేడు, 1991లో మన చుండూరు, 2000లో కర్ణాటకలోని కంబాలపల్లి. 2022లో తమిళనాడులోని వేంగైవయల్‌లో దళితులు తాగే నీళ్ళ ట్యాంకులో మలం కలిపారు. ‘మెతక’ కన్నడిగులు, ‘సంస్కారవంతులైన’ తమిళులు, ‘కళాప్రియులైన’ తెలుగువాళ్ళు అన్న పొగడ్తలు ఎవరి గురించి చెబుతున్నారో, ఎవరిని వదిలేసి చెబుతున్నారో ఇక్కడ తెలుస్తుంది. ముద్ర తిట్టయినా పొగడ్తయినా అందులో మన వాడ ఉండదు.

ముద్ర మోసేది కూలివాడు

కంప్యూటర్ ఉద్యోగానికి బెంగుళూరు పోయినవాణ్ణి ‘గొల్టి’ అంటే నవ్వి ఊరుకుంటాడు. ఇటుక మోయడానికి పోయినవాడి సంగతి వేరు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి పొట్ట చేతపట్టుకొని పోయినవాళ్ళు. భాష రానివాడు పని మానేస్తానని మేస్త్రీతో గట్టిగా అనలేడు. పోలీస్ స్టేషన్లో తన గోడు చెప్పుకోలేడు. ‘బయటోడు’ అనే మాట అతని కూలిని తగ్గిస్తుంది, అతని ప్రాణాన్ని చులకన చేస్తుంది.

మరి మన ఊళ్ళకు వచ్చినవాళ్ళ సంగతేమిటి? ఈరోజు మన టౌన్లలో భవనాలు కడుతున్నది, హోటళ్ళలో గిన్నెలు కడుగుతున్నది బీహారు, ఒడిశా, బెంగాల్ కూలీలు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వాళ్ళ గుడిసెల వైపే చూస్తున్నాం. మౌలివాక్కంలో చనిపోయిన మన అన్నల కోసం ఏడ్చే హక్కు మనకు ఉండాలంటే, ఇక్కడి బీహారు తమ్ముణ్ణి కూడా మనిషిగా చూడాలి.

మనం ఏం చేయాలి?

‘ఏ రాష్ట్రం గొప్పది’ అన్న ప్రశ్న వదిలేద్దాం. దానికి జవాబు దొరికినా మనకు ఒరిగేదేమీ లేదు. దాని బదులు వేరే ప్రశ్నలు అడుగుదాం. తమిళనాడులో బడి పిల్లలకు టిఫిన్ ఎలా పెడుతున్నారు? కేరళలో ఊరి లైబ్రరీని ఎవరు నడుపుతున్నారు? కర్ణాటకలో హాస్టల్ విద్యార్థికి మెస్ ఛార్జీ ఎంత? అక్కడి బాలికల హాస్టళ్ళలో ఎన్ని బాత్‌రూములున్నాయి? ఇలాంటివి తెలిస్తే మన వినతిపత్రంలో రాయడానికి గట్టి మాట ఉంటుంది. "పక్క రాష్ట్రం ఇస్తున్నప్పుడు మీరెందుకు ఇవ్వరు?" అని అడిగే విద్యార్థికి సమాధానం చెప్పడం అధికారికి కష్టం.

ఇందుకు పూర్వ విద్యార్థులు ముందుకు రావాలి. మనవాళ్ళు నాలుగు రాష్ట్రాల్లోనూ పనిచేస్తున్నారు. తామున్న చోట ఒక ప్రభుత్వ హాస్టల్‌కు వెళ్ళి, చూసింది చూసినట్టు రెండు పేజీలు రాసి పంపితే వచ్చే సంచికలో వేసుకోవచ్చు. మన లైబ్రరీ బీరువాలో అయ్యంకాళి జీవితం, భాగ్యరెడ్డి వర్మ జీవితం పక్కపక్కన ఉండాలి. పాఠకుడికి అందేలా ఆ బీరువాకు తాళం తీసి ఉండాలి.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడలో పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయా అని చూడండి. నడుస్తుంటే మీ టీచరుకో, వార్డెనుకో, 1098కో చెప్పండి. ఆ పిల్ల మళ్ళీ పుస్తకాల సంచి వేసుకొని హాస్టల్‌కు తిరిగివస్తే, పైన చెప్పిన 29లో ఒకటి తగ్గినట్టే. లెక్కలు అలాగే మారతాయి. కేరళలోనూ అలాగే మారాయి.

జై భీమ్.