వైరుతో ఝూఠీ గవాహీ చెప్పించొద్దు

దామరచర్ల సెంటర్లో ఓ గంట నిలబడి చూడండి. వాడపల్లి వైపు సిమెంటు లారీలు, వీర్లపాలెం దగ్గరి 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటుకు పోయే టిప్పర్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు మోసే ట్రాక్టర్లు. ఈ బళ్ల మీద రోజీ వెతుక్కునే ఇళ్లు మనలో తక్కువేం కాదు. ఒకరు డ్రైవర్, ఒకరు మిస్త్రీ, ఒకరిది పంక్చర్ల దుకాణం. అందుకే ఈసారి సియాసత్ పక్కనపెట్టి, ఒక సన్న వైరు గురించి రాస్తున్నా.

పోయినేడు మా దూలాభాయ్ గూడ్సు బండి ఇంజన్ సీజ్ అయింది. కొత్తది కొనే హైసియత్ లేదు. సెకండ్ హ్యాండ్ ఇంజన్, దాంతోపాటే వచ్చిన గేర్‌బాక్స్ తెచ్చి ఎక్కించారు. అన్నీ కుదిరాయి గానీ, గేర్‌బాక్స్ మీది న్యూట్రల్ స్విచ్ కప్లర్ పాత వైరింగుకు కలవలేదు. తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టదు. షెడ్డులో కుర్రాడు ఆ వైరు కోసి, బాడీకి ఎర్త్ చేసి, టేపు చుట్టేశాడు. "డైరెక్ట్ చేశా భాయ్, కుఛ్ నై హోతా" అన్నాడు. బండి స్టార్టయింది. దూలాభాయ్ ఖుష్.

పదిరోజులు గడిచాయి. మా భాంజా, పదమూడేళ్లవాడు, పాటలు పెట్టుకుందామని తాళం తిప్పాడు. బండి రివర్స్ గేరులో ఉంది. ఒక్క ఉదుటున వెనక్కి దూకి గోడకు గుద్దుకుంది. ఆ గోడ పక్కనే రోజూ సాయంత్రం వాడి దాదీమా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆరోజు చాయ్ కోసం లోపలికి లేచారు. కుర్చీ ముక్కలైంది. వాడు ఇప్పటికీ ఆ బండి ఎక్కడు.

ఇందులో కిటుకు పెద్దదేం కాదు. ఇంజన్ కంప్యూటర్‌కు కళ్లు లేవు. గేరు ఎక్కడుందో దానికి చెప్పేది ఆ స్విచ్చే. స్విచ్ ఒక గవా. చాలా బళ్లలో ఆ గవా "న్యూట్రల్" అంటేనో, క్లచ్ నొక్కి ఉంటేనో సెల్ఫ్ తిరుగుతుంది. ఆటోమేటిక్ కార్లలో పార్కింగ్, న్యూట్రల్ తప్ప ఎక్కడా తిరగదు. వైరును శాశ్వతంగా ఎర్త్ చేయడమంటే, గేరులో ఉన్నా "న్యూట్రల్" అని ఝూఠీ గవాహీ చెప్పించడమే. రివర్స్ స్విచ్ కూడా అంతే. వెనక తెల్ల లైటు, బీప్ శబ్దం దాని మాట మీదే నడుస్తాయి. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు లాజిమ్ చేశారు. ఆ స్విచ్ వైరు వదిలేస్తే సెన్సర్ ఉన్నా మూగదే.

తప్పంతా ఆ కుర్రాడిదే అంటే ఇన్సాఫ్ కాదు. సాయంత్రానికల్లా బండి కావాలన్నది మనం. వైరింగ్ మజూరీ దగ్గర బేరమాడిందీ మనమే. పైగా కంపెనీ వైరింగ్ డయాగ్రం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీ తెలుగులో చేసినవాణ్ని, తెలివి ఉండీ కాగితం చదవలేకపోతే కలిగే షర్మిందగీ నాకు తెలుసు. మన పిల్లల చేతుల్లో హునర్ ఉంది, డయాగ్రం చదివే ఇల్మ్ అందలేదు. షెడ్డుకు పంపే ముందు ఐటీఐలో రెండేళ్లు చదివిద్దామని ఎంతమంది వాలిదైన్ అనుకుంటున్నాం?

సరైన పని కష్టమేం కాదు. ముందు మీటరు పెట్టి, న్యూట్రల్‌లో ఆ స్విచ్ కలుస్తుందా, విడిపోతుందా చూడాలి. తర్వాత బండి కంప్యూటర్ అడిగేది ఎర్తా, 12 వోల్టులా, లేక గేరు గేరుకూ మారే వోల్టేజా అన్నది డయాగ్రంలో చూసుకోవాలి. రెండూ కలవకపోతే సరైన స్విచ్ తెచ్చి వేయాలి, అందాజా పనికిరాదు. చివరి పరీక్ష: చక్రాలకు అడ్డం పెట్టి, సెల్ఫ్ మోటారు సన్న వైరు ఊడదీసి, దానికి టెస్ట్ లైటు తగిలించాలి. క్లచ్ నొక్కకుండా, గేరులో ఉంచి తాళం తిప్పితే లైటు వెలగకూడదు. న్యూట్రల్‌లో వెలగాలి. రివర్స్ లైటు రివర్స్‌లో మాత్రమే రావాలి. మీ కళ్ల ముందు ఇది చేయించాకే డబ్బులివ్వండి. ఇంజన్ నంబరు మారింది కాబట్టి ఆర్టీఓ దగ్గర ఆర్సీలో నమోదు కూడా చేయించండి. లేకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర పరేషానీ మీదే.

మా దూలాభాయ్ ఆ షెడ్డు మీదికి ఝగ్డాకు పోలేదు. అదే కుర్రాణ్ని పిలిచి, ముక్కలైన కుర్చీ చూపించాడు. వాడు తల దించుకుని, టేపు విప్పి, కొత్త స్విచ్ వేశాడు. మజూరీ వద్దన్నాడు. దూలాభాయ్ మాత్రం పూర్తిగా ఇచ్చాడు. మొదటిసారే ఇవ్వాల్సిన పైసలవి.