పడవకి రెక్కలొస్తే మీకేం నష్టం?

ఆడది బొమ్మలు వేస్తుందంటే మనవాళ్ళకి చెప్పలేనంత ముచ్చట. కాకపోతే ఆ బొమ్మలో ఏముండాలో వాళ్ళే చెబుతారు. తామరపువ్వు ఉండొచ్చు. నెమలి ఉండొచ్చు. చంకన బిందె పెట్టుకుని, ఎన్నేళ్ళు నడిచినా ఇల్లు చేరని పల్లెపడుచు ఉండొచ్చు. అదే చేత్తో ఒక ఇంజను వేసి చూడండి! ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నట్టు పరామర్శకి వస్తారు.

నేను వేసేవి పాత విమానాలు. అందులోనూ నీళ్ళమీద వాలే ఎగిరే పడవలంటే మరీ ఇష్టం. "నవలలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ ఇనప సామాను?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అది ఇనుము కాదు, అల్యూమినియం అని చెప్పినా వినిపించుకోరు. పోనీ, నా మాట వదిలేయండి. నలభై దాటిన మనిషికి ఒక పిచ్చి ఉండటం ఆరోగ్యానికి మంచిదే. కానీ ఈమధ్య ఓ చోట పిల్లల బొమ్మల పోటీకి నన్నూ న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. విషయం 'మన తీరం'. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, అలలమీద నుంచి లేస్తున్న విమానం వేసింది. కింద నీళ్ళు రెండుగా చీలడం ఎంత చక్కగా చూపించిందో! మిగతా పెద్దలు కూడబలుక్కుని, "ఇది మన సంస్కృతి కాదండీ" అని ఆ కాగితం అడుగున పెట్టేశారు. నా ఒక్క ఓటూ ఏ మూలకి? బహుమతి కొబ్బరిచెట్ల మధ్య సముద్రంలో అస్తమిస్తున్న సూర్యుడికి పోయింది. అయ్యా, మా నెల్లూరు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో మునగడు! సంస్కృతి తెలిసిన పెద్దలకి తూర్పూ పడమరా తెలియనక్కర్లేదు కాబోలు.

అందుకే ఈ తగువు.

మొదట ఆ "మనది కాదు" సంగతి చూద్దాం. నెల్లూరులో మద్రాసు బస్సెక్కిన ప్రతివారూ రెడ్‌హిల్స్ మీదుగా వెళ్ళినవాళ్ళే. మద్రాసుకి మంచినీళ్ళిచ్చే ఆ చెరువు, రెండో ప్రపంచయుద్ధంలో ఎగిరే పడవల రేవు. బ్రిటిష్ వాయుసేన 240వ స్క్వాడ్రన్ వారి కేటలీనాలు అక్కణ్ణించే లేచి బంగాళాఖాతం మీద కాపలా తిరిగేవి. 1942 ఏప్రిల్ 4న సింహళం దగ్గర జపాను నౌకాదళాన్ని ముందుగా కనిపెట్టి కబురు పంపింది కూడా, వేరే దళానిదే అయినా, ఒక కేటలీనాయే. రెండ్రోజులు తిరక్కుండా, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు పట్టారు. మన నెత్తిమీద ఇంత జరిగాక కూడా అది మన కథ కాదంటే, ఇంకేది మన కథ? పుష్పక విమానం వేస్తే మాత్రం దణ్ణం పెడతారు. దానికి ఇంజన్లెన్నని ఒక్కరూ అడగరు.

"అవన్నీ దొరల విమానాలు గదండీ" అనేది రెండో మాట. నిజమే, కాదనను. 1930లలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి ఎగిరే పడవలు కరాచీ నుంచి బయల్దేరి, రాజస్థాన్‌లో రాజసమంద్ చెరువులో, గ్వాలియర్లో, కలకత్తా దగ్గర హుగ్లీలో వాలుతూ తూర్పుకి పోయేవి. నాలుగింజన్ల విమానం, ఎక్కేది మహా అయితే ఇరవైనలుగురు. మిగతాది తపాలా సంచులు. దొరల దర్జాయే అది! అయితే దాన్ని వెయ్యకుండా ఉంటే దర్జా చెరిగిపోతుందా? ఇక్కడే నాకు నా తోటి చిత్రకారులతో కూడా పేచీ. ప్రపంచమంతటా ఈ పాత విమానాలు వేసేవాళ్ళున్నారు. చెయ్యి తిరిగినవాళ్ళు. కానీ ఆ బొమ్మల్లో చాలావాటిలో విమానం మెరుగుపెట్టిన వెండి గ్లాసులా ఉంటుంది. దొరసాని టోపీ రిబ్బను కూడా లెక్కగా ఉంటుంది. ఒడ్డున తాడు పట్టుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డ మనిషికి మాత్రం మొహం ఉండదు. తలపాగా ఉంటుంది, దాని కింద ఒక గోధుమరంగు చుక్క ఉంటుంది. ఆ చుక్కకి కళ్ళూ ముక్కూ పెట్టాలన్నదే నా వాదం. మనం కుంచె పట్టకపోతే ఆయన ఎప్పటికీ చుక్కగానే మిగిలిపోతాడు.

చుక్కగా కూడా మిగలనివాళ్ళున్నారు. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటా విమానాలు నడిపారు. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా బొమ్మ వేసే ప్రతివారూ ముందు సీట్లో మీసాల కెప్టెన్ని కూర్చోబెడతారు. మరి ప్రేమ్ మాథుర్ ఏదీ? ఎనిమిది కంపెనీలు ఆడదానివి వద్దుపొమ్మన్నాక, డెక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరి, మనదేశంలో మొట్టమొదటి మహిళా కమర్షియల్ పైలట్ అయిన మనిషి! 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. అయినా పూర్తి కెప్టెన్సీ ఇవ్వలేదు, పక్క సీట్లోనే ఉంచారు. విమానంలో ఎటూ పక్క సీటే ఇచ్చారు, బొమ్మలోనైనా మనం కిటికీ దగ్గర కూర్చోబెట్టకూడదూ?

ఇక మూడో మాట, ఈ కాలపు మాట: "ఫోనుకి చెబితే క్షణంలో బొమ్మ వేసిస్తుంది, మీకీ శ్రమ ఎందుకు?" చెప్పి చూశాను. రెండింజన్ల కేటలీనాకి నాలుగింజన్లు తగిలించి ఇచ్చింది. దాని ఉదారత్వానికి సంతోషమే గానీ, చూడకుండా వేసిన బొమ్మకి నేను విలువివ్వను. డకోటాకి తోకచక్రం గనక నేలమీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ఎక్కినవాళ్ళు గుడిమెట్లు ఎక్కినట్టు ఎగువకి నడవాలి. దాన్ని పీటలా చదునుగా వేస్తే అది డకోటా కాదు. అల్యూమినియం రెక్కకి వెండిరంగు పూయకూడదు. పైన ఆకాశం రంగు, కింద ఇసక రంగు పడితే చాలు, అదే లోహమై కూర్చుంటుంది. 2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి ఎగిరి చూపించారే, అది తెప్పల మీద నిలబడ్డ విమానం. కేటలీనా అలా కాదు, ఒళ్ళే పడవ. తెప్పకీ పడవకీ తేడా మా తీరంలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

మా వీధిలో చేపలమ్మే ముసలమ్మ ఓసారి నా కేటలీనాని చూసి, "ఏందమ్మా ఇదీ, పడవకి రెక్కలు బెట్టేస్తివే! అలొస్తే రెక్క తడవదా?" అంది. సరిగ్గా ఆ భయంతోటే గదా ఇంజనీర్లు రెక్కనీ ఇంజన్లనీ ఒంటి స్తంభం మీద ఎత్తి పెట్టింది! సంస్కృతి గురించి గంటలు మాట్లాడే పెద్దలెవరూ నన్నింత మంచి ప్రశ్న అడగలేదు. ఆమెకి మరో మాట చెబితే ఇట్టే అర్థమైంది. నీళ్ళు అద్దంలా నిశ్చలంగా ఉంటే పడవ అడుగుని అంటిపెట్టుకుని లేవనివ్వవు, చిన్న అలలుంటేనే సులువుగా లేస్తుంది. నేలపట్టులో గూడబాతు లేచేటప్పుడు చూడండి. బరువైన ఒంటితో నీళ్ళని కాళ్ళతో తన్నుకుంటూ పరిగెత్తి పరిగెత్తి, ఇక లేవదేమో అనుకునేసరికి గాల్లో ఉంటుంది. 2022లో నేలపట్టు మా జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, గూడబాతు పద్ధతి మార్చుకోలేదు. బకింగ్‌హాం కాలువ పడవలూ, గూడబాతులూ చూసి పెరిగిన పిల్లకి ఎగిరే పడవ పరాయిదెలా అవుతుందండీ?

అసలు మన సామాన్యులు విమానం ఎక్కిందే బొమ్మలో. తిరునాళ్ళలో ఫొటో స్టూడియో వాడు గుడ్డమీద విమానం వేయించేవాడు. దాని కిటికీలోంచి తలకాయ పెట్టి, ఊపిరి బిగబట్టి, మన అమ్మానాన్నలు ఫొటోలు దిగారు. ఆ గుడ్డ వేసిన పెయింటరు పేరు ఎవరూ రాసుకోలేదు. గుడ్డ చిరిగితే పడేశారు. టిక్కెట్టు కొనలేని జనానికి ఆకాశం చూపించిన ఆ కళని "సంస్కృతి కాదు" అనడానికి నోరెలా వస్తుంది?

కాబట్టి తల్లులారా, మీ అమ్మాయి ముగ్గు వేస్తే మెచ్చుకోండి, నెమలి వేస్తే మెచ్చుకోండి. విమానం వేసిందనుకోండి, రబ్బరు చేతికివ్వకండి. పక్కన కూర్చుని, ఇంజన్ల లెక్క సరిపోయిందో లేదో చూడండి. తర్వాత, ముందు సీట్లో ఎవరిని కూర్చోబెట్టావే అని అడగండి.