క్రీకుల నేల మీద క్రీక్ హెలికాప్టర్

అమెరికా సైన్యం హెలికాప్టర్ల పేర్లు ఒకసారి వరసగా చదవండి. అపాచీ, చినూక్, కయోవా, లకోటా. ఇవన్నీ అక్కడి ఆదివాసీ జాతుల పేర్లే. అపాచీ, చినూక్ ఇప్పుడు మన వాయుసేనలోనూ ఎగురుతున్నాయి. టీవీలో ఆ పేరు విన్నప్పుడు అది మనలాంటి ఒక జాతి పేరని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ సైన్యం తన హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చేది అలబామా రాష్ట్రంలోని ఫోర్ట్ రక్కర్‌లో. ఆ చోటు 1942లో శిబిరంగా మొదలైంది. 1954లో సైనిక విమాన శిక్షణ పాఠశాల ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ నుంచి ఇక్కడికి మారింది.

అంతకుముందు ఆ నేల ఎవరిది? మస్కోగీ ప్రజలది. తెల్లవాళ్లు వాళ్లను క్రీకులన్నారు. 1814లో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంతో వాళ్లు సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు వదులుకోవాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో అమెరికా పక్షాన నిలబడిన క్రీకుల భూమి కూడా అందులోనే పోయింది. 1830లో తరలింపు చట్టం వచ్చింది. 1836లో, మిగిలినవాళ్లలో వేలమందిని సైనికుల కాపలాలో ఇప్పటి ఓక్లహోమాకు నడిపించారు. దారిలో ఎంతోమంది చనిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. 1990ల నుంచి చాలా ఏళ్లు ఫోర్ట్ రక్కర్‌లో కొత్త పైలట్లు ఎగరడం నేర్చుకున్న హెలికాప్టర్ పేరు ‘క్రీక్’. తర్వాత దాని స్థానంలోకి వచ్చింది ‘లకోటా’. మనుషులేమో అలబామా నుంచి ఓక్లహోమాకు పోయారు, బడి ఓక్లహోమా నుంచి అలబామాకు వచ్చింది. పేరు మాత్రం ఆ నేల మీద గింగిరాలు కొడుతూనే ఉంది.

న్యాయంగా మాట్లాడుకుందాం. 1942లో సైన్యం వచ్చేనాటికి క్రీకుల్ని వెళ్లగొట్టి వందేళ్లు దాటింది. ఈ పేర్లు గౌరవం కోసమే పెట్టామని సైన్యం అంటుంది. తెగల పెద్దలు వచ్చి హెలికాప్టర్లను దీవించిన సందర్భాలూ ఉన్నాయి. దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ పేరుకు దక్కిన గౌరవం నేలకు ఎందుకు దక్కలేదని అడిగే హక్కు మాత్రం ఉంది.

ఇదంతా మనకెందుకు అంటారా? ఇలాంటి కేంద్రం కట్టడమంటే ఏమిటో మనకు తెలిసి ఉండాలి గనక. ప్లానులో కంచె గీత ఒక్కటే కనిపిస్తుంది. లోపల సిమ్యులేటర్లు, హ్యాంగర్లు, తరగతి గదులు. అసలు శిక్షణ కంచె దాటాకే మొదలవుతుంది. తక్కువ ఎత్తులో ఎగరాలి, చెట్ల మధ్య ఇరుకు జాగాలో దిగాలి, రాత్రిపూట చీకట్లో నడపాలి. అందుకే ఫోర్ట్ రక్కర్‌కు అసలు స్థావరం కాక చుట్టుపక్కల ఊళ్ల మధ్య చిన్న చిన్న దిగుడు మైదానాలు ఎన్నో ఉన్నాయి. భూమి పోయేది కంచె లోపల, నిద్ర పోయేది కంచె బయట. ఇక నీళ్ల సంగతి. మంటలార్పే నురుగులోని పీఫాస్ రసాయనాలు అమెరికాలో ఎన్నో సైనిక విమాన స్థావరాల దగ్గర భూగర్భ జలాల్లో బయటపడ్డాయి.

మన దగ్గర నేతర్‌హాట్ గుర్తుంది కదా. జార్ఖండ్‌లోని ఆ ఫైరింగ్ రేంజ్ పరిధిలో 245 ఊళ్లు. 1994 మార్చి 22న వేలమంది ఆదివాసీలు, ముందు వరసలో ఆడవాళ్లు, సైన్యం బండ్లకు అడ్డంగా కూర్చున్నారు. బండ్లు వెనక్కి తిరిగాయి. ఏటా మార్చిలో అక్కడ మళ్లీ జనం గుమిగూడుతూ వచ్చారు. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం రేంజ్ గడువు పొడిగించేది లేదని ప్రకటించింది. 28 ఏళ్లు పట్టింది. అయినా నేల మిగిలింది.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. మరోపక్క 2023 అటవీ సంరక్షణ సవరణ వచ్చింది. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో 5 హెక్టార్ల దాకా రక్షణ ప్రాజెక్టులకు, పారామిలిటరీ క్యాంపులకు అటవీ అనుమతి నుంచి అది మినహాయింపు ఇస్తోంది. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

దేశ రక్షణకు మనం అడ్డు కాదు. మన పిల్లలూ యూనిఫాం వేసుకుంటున్నారు. కానీ రేపు మీ ఊరికి నక్షా పట్టుకుని ఎవరైనా వస్తే, నష్టపరిహారం ఎంత అని ముందే అడగొద్దు. ముందు ఇవి అడగండి: కంచె బయట ఎన్ని దిగుడు మైదానాలు? రాత్రి ఎన్ని గంటలు ఎగురుతారు? ఎంత ఎత్తులో? ఇంధనం ఎక్కడ నిల్వ చేస్తారు? మా చెలమ నీళ్లు ఎవరు పరీక్షిస్తారు? ఎన్నేళ్లకు ఖాళీ చేస్తారు? జవాబులు తెలుగులోనే కాదు, ఊరి భాషలోనూ చెప్పించి, గ్రామసభ తీర్మానాల పుస్తకంలో రాయించండి.

ఆ పుస్తకంలో మన మాట లేకపోతే, రేపు మన జాతి పేరు ఆకాశంలో వినిపిస్తుంది. నేల మీద మాత్రం మనం కనిపించం.