రోగిని కాచుకొనువారికి తోడెవరు?



జ్వరపడినవానిని చూడ బంధువులు పండ్లు తీసికొని వత్తురు. మనస్సు చెడినవాని యింటికి మాత్రము ఎవరును పోరు. ఆ యింట తల్లియో, భార్యయో, పెద్దకోడలో ఏండ్ల తరబడి ఒంటరిగా ఆ భారమును మోయుచుండును. “ఈ నడుమ మందిరమునకు రాలేదేమి?” అని ఆమెను అడుగుదుము గాని, రోగిని ఎవరికి అప్పగించి రాగలదని ఆలోచింపము.

వైద్యమునకు దారి లేక కాదు. బోబాసాన్‌లోని మానసిక వైద్యాలయమునకు 1817లో పోర్ట్ లూయీలో జన్మించిన శరీరశాస్త్రవేత్త బ్రౌన్ సెకార్ గారి పేరు పెట్టిరి. లోకము గౌరవించిన మన ద్వీపపుత్రుని పేరును మనము గొంతు తగ్గించి పలుకుట విచిత్రము. రోగులందరును అచ్చటనే ఉండనక్కరలేదు. ప్రాంతీయ ఆసుపత్రులలోను మనోవైద్యులు చూచెదరు. ప్రభుత్వ వైద్యమునకు రుసుము లేదు. అయితే మందుచీటితో యింటికి వచ్చిన పిమ్మట ఆ యిల్లే ఆసుపత్రి, ఆ యిల్లాలే నర్సు.

అమ్మోరికి మ్రొక్కుకొనుటను పూజారినైన నేను కాదనను. కాని మ్రొక్కు తీరినదని మందు మానుట తగదు. మానిన మరునాడే కీడు కనబడదు; కొన్ని నెలలకు రోగము తిరుగబెట్టును. అప్పుడు దిష్టి యనుకొందురు! ఉపవాసముల విషయమున మరింత జాగ్రత్త వలయును. లిథియము అను మందు వాడువారు ఏకాదశికైనను, గోవింద పూజకైనను ఉప్పును నీటిని మానినచో ఆ మందు రక్తములో పెరిగి విషమగును. చేతులు మిక్కిలి వణకినను, వాంతులైనను, మాట తడబడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వైద్యుని అనుమతి లేక అట్టివారిచే ఉపవాసము చేయింపకుడు.

రోగియొక్క అశక్తత నూటికి 60 పాళ్లకు తక్కువ కాక, కనీసము 12 నెలలుండునని వైద్యమండలి నిర్ణయించినచో అశక్తుల పింఛను లభించును. నిత్యము మరియొకరి సంరక్షణ అవసరమని తేలినచో దానిపై సంరక్షణ భత్యము కూడ కలదు. దరఖాస్తు సాంఘిక భద్రతా కార్యాలయములో ఈయవలెను. కాగితములు వ్రాయుట తెలిసిన యువకులు ఆమె వెంట పోయిన ఎంత మేలు!

మరియొక మాట. వారమునకొకసారి ఇద్దరు స్త్రీలు ఆ యింటికి పోయి రెండు గంటలు రోగి కడ కూర్చుండవచ్చును. ఆ సమయమున ఆమె నిద్రించునో, బజారుకు పోవునో, రామభజనకు వచ్చునో, ఆమె యిష్టము. రోగితో వాదింపకుడు. అతనికి వినబడు మాటలు అబద్ధమని గద్దింపకుడు. నిజమని ఒప్పుకొననూ వద్దు. అన్నము పెట్టి, నెమ్మదిగా మాటాడిన చాలును. చావు మాట యెత్తినచో ఒంటరిగా విడువక ఆనాడే ఆసుపత్రికి చేర్చుడు; తోటకు చల్లు గడ్డిమందును, పురుగుమందును ముందుగానే తాళము వేసి దాచుడు.

ఆమె ఆరోగ్యమును గూర్చి కూడ అడుగుడు. వారముల తరబడి నిద్ర లేదనినచో, రోగిని చూపించు దినమునే తన సంగతియు వైద్యునితో చెప్పుమనుడు. మందిరమునకు వచ్చిననాడు మాత్రము పదిమందిలో రోగి విషయము ప్రశ్నింపకుడు. ఆమె పక్కన చోటు చేసికొని కూర్చుండుడు.