భీమవరం బిడ్డ, బోస్టన్ పిల్లలు

గత మాసం అసర్ నమాజు అనంతరం మా మదరసాలో చదివే ఒక బాలుని తండ్రి నా వద్దకు వచ్చి కూర్చున్నాడు. బాలునికి రక్త క్యాన్సరు. ఏడాదికి పైగా విజయవాడలో చికిత్స జరుగుతోంది. “హజ్రత్, మొన్నటి పరీక్షలో రక్తంలో జబ్బు కనబడలేదన్నారు. ఇంకా ఈ మాత్రలెందుకు? అవి విషమని అందరూ అంటున్నారు. మానిపించి, బలానికి విటమిన్లు వేద్దామనుకుంటున్నాం. మీరు దుఆ చేయండి” అన్నాడు.

దుఆ చేశాను. తర్వాత మందుల చీటీ చూపించమన్నాను. అందులో మెథోట్రెక్సేట్ అనే పేరు ఉంది. ఆ మందు కథ మన ఊరి నుంచే మొదలవుతుందని చెప్పగా ఆయన నమ్మలేదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే జన్మించారు. మెట్రిక్ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కిన విద్యార్థి ఆయన. (మా తరగతిలో వెనుక వరుస పిల్లలకు ఈ మాట తరచు చెబుతుంటాను.) స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుని బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశం చూడలేదు. హార్వర్డులో పరిశోధనలు చేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలకు వెళ్లారు. మన జిల్లాలో బోదకాలు నివారణకు ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడి ఆయన బృందం కృషి ఫలితమే.

ఆ బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది మేలు చేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాలనే రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు సరికదా, మరింత వేగంగా పెరుగుతున్నట్లు కనబడింది. బలమనుకొని ఇచ్చినది జబ్బుకే బలమైనది! అట్లయితే దానిని అడ్డుకొనే పదార్థం కావాలి. సుబ్బారావు బృందం దానిని కూడా చేసి పంపింది. అదే అమినోప్టెరిన్. చూపునకు ఫోలిక్ ఆమ్లమే. తాళంలో దూరుతుంది గాని తిరగని తాళంచెవి వంటిది. కణం విభజన అక్కడ ఆగిపోతుంది.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. జబ్బు తీవ్రంగా ఉన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. అప్పటివరకు ఆ వ్యాధికి అంతటి మందు లేదు. రెండు మాసాలకే, ఆగస్టులో, సుబ్బారావు 53వ ఏట కన్నుమూశారు.

అయితే ఆ పిల్లలలో గుణం నిలువలేదు. రక్తంలో కనబడకుండా దాగిన జబ్బు కొన్ని మాసాలకే తిరిగి వచ్చింది. ఆ అనుభవం నుంచే వైద్యులు పలు మందులను కలిపి ఇవ్వడం, జబ్బు కనబడకపోయినా ఏళ్ల తరబడి కొనసాగించడం నేర్చుకొన్నారు. అమినోప్టెరిన్ స్థానంలో దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ వచ్చింది.

“భాయ్, మీ అబ్బాయి రక్తంలో జబ్బు కనబడకపోవడం సంతోషమే. కనబడకపోయిన తర్వాత మానివేస్తే ఏమవుతుందో ఆ బోస్టన్ పిల్లలు చూపించి పోయారు. మీరు కొనదలచిన విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. వైద్యుని అడగకుండా అది వేయరాదు. మందు మానడానికి అనుమతి ఇవ్వవలసినది నేను కాదు, ఆయనే” అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ మాత్ర వారానికి ఒక్కరోజే వేయమన్నారని, ఇంట్లో ఎవరో పొరబడి రోజూ వేయబోయారని చెప్పాడు. గుండె ఝల్లుమంది. ఆ మందు రోజూ పడితే ప్రాణం మీదికి వస్తుంది. కీళ్లవాతానికి వాడేవారికి కూడా సాధారణంగా వారానికి ఒక్కరోజే. చీటీ మీద ఆ రోజు పేరును తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. శుక్రవారం. జుమా నాడు తనకు గుర్తు చేయమని బాలుడు నన్నే అడిగాడు.