నాన్న రిటైరయ్యారు... తర్వాత?

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు రిటైర్మెంట్. సన్మానం శాలువా బీరువాలోకి వెళ్తుంది. మర్నాటి నుంచి ఫోన్ మోగదు. అసలు కష్టం అక్కడే!

‘ఇక రెస్ట్ తీసుకోండి నాన్నా’ అని మాత్రం అనకండి. పని అప్పజెప్పండి. ఇంట్లో కుక్క ఉంటే ఇంకా మంచిది. ఎండెక్కితే తారు రోడ్డుకు దాని పాదాలు కాలతాయి. అందుకే పొద్దున్నే వాకింగ్‌కి బయల్దేరాలి. దారిలో గుడి, నలుగురి పలకరింపులు. ఏటా రేబిస్ టీకా వేయించే బాధ్యతా ఆయనదే.

‘గుడి దాకా కుక్కతోనా?’ అని అమ్మ అంటే ధర్మరాజు కథ గుర్తుచేయండి. వెంట నడిచిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానన్నాడాయన. చివరికి ఆ కుక్క సాక్షాత్తూ ధర్మదేవతే!

ఆదివారం మీరూ ఆయనతో నడవండి, ఫోన్ ఇంట్లో పెట్టేసి. ఇన్నేళ్లూ ఆఫీసులో ఏం చేసేవారో అడగండి. ఎప్పుడైనా అడిగారా?