పాల హార్మోను పరీక్ష: అంకె చూసి హడలిపోవద్దు

హిందూపురం: పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండని ఆడవారికి, నెలసరి తప్పుతున్నవారికి, బాలింత కాకుండానే రొమ్ముల్లో పాలు వస్తున్నవారికి వైద్యులు రాసే రక్తపరీక్షల్లో ప్రొలాక్టిన్ పరీక్ష ఒకటి. రక్తం ఇవ్వడం తేలికే. ఫలితాన్ని అర్థం చేసుకోవడమే కష్టం. చీటీలో ‘ఎక్కువ’ అని కనబడగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల వారు బెంగళూరు రైలెక్కి స్కానింగుకు వేలు పోసే ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని వున్నాయి.

ఏమిటీ హార్మోను?

మెదడు అడుగున బఠాణీ గింజంత వుండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్‌ను తయారు చేస్తుంది. బాలింతకు పాలు పడేది దీనివల్లనే. గర్భిణులలో, బాలింతలలో ఇది పెరగడం సహజం. మిగతా సమయాల్లో మెదడులోని డోపమిన్ అనే రసాయనం దీనికి పగ్గం వేసి వుంచుతుంది. ఆ పగ్గం సడలితే హార్మోను పెరిగి, అండం విడుదల ఆగి, నెలసరి తప్పుతుంది.

మగవారిలోనూ ఈ హార్మోను వుంటుంది. అది మితిమీరితే వారిలో కోరిక, వీర్యకణాలు తగ్గవచ్చు. కనుక పిల్లలు లేకపోతే లోపమంతా కోడలిదేనని ఇంట్లో తీర్పు చెప్పడం అన్యాయం. భర్త కూడా పరీక్షలు చేయించుకోవాలి.

గ్యాస్ మందుతోనూ పెరుగుతుంది

ఈ హార్మోను పెరగడానికి చాలా సందర్భాల్లో కారణం మందులే. కడుపుమంట, గ్యాస్ అంటూ చీటీ లేకుండానే మందుల షాపులో కొనే మాత్రల్లో చాలావాటిలో డోంపెరిడోన్ కలిసి వుంటుంది. అది డోపమిన్ పనికి అడ్డుపడుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ కూడా అంతే. అయితే మానసిక వ్యాధుల మందులను సొంతంగా మానేస్తే వ్యాధి తిరగబెడుతుంది. మందు మార్చాలా వద్దా అనేది ఆ మందు రాసిన వైద్యుడే నిర్ణయించాలి.

థైరాయిడ్ మందగించినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా ఈ హార్మోను పెరుగుతుంది. బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చినా, సూది భయంతో బిగుసుకుపోయినా అంకె కొంత పైకి పోతుంది. నిద్రలో ఇది ఎక్కువగా వుంటుంది. అందువల్ల లేచిన రెండు మూడు గంటల తరువాత, కాసేపు నిమ్మళంగా కూర్చుని రక్తం ఇవ్వాలి.

అంకె ఏమి చెబుతుంది?

చాలా ల్యాబుల లెక్కలో ఆడవారికి మిల్లీలీటరుకు సుమారు 25 నానోగ్రాములు, మగవారికి 20 వరకు మామూలే. ల్యాబును బట్టి ఈ హద్దు మారుతుంది. కొద్దిగా ఎక్కువ వస్తే పరీక్ష మళ్లీ చేయించడం మంచిది. 200 దాటితే గ్రంథిలో గడ్డ వున్నదేమోనని గట్టిగా అనుమానించాలి. అది కూడా దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. కాబర్‌గోలిన్, బ్రోమోక్రిప్టిన్ మాత్రలతోనే చాలామందిలో గడ్డ కుంచించుకుపోతుంది, నెలసరి మళ్లీ మొదలవుతుంది. అయితే తలనొప్పితోపాటు చూపు మందగిస్తే ఆలస్యం తగదు. గడ్డ కంటినరాలను నొక్కితే చూపే పోవచ్చు.

మొదటి అడుగు ఊరి దగ్గరే

2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఈ మూడు పట్టణాలూ ఒకే జిల్లాలో వున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత రోగనిర్ధారణ పరీక్షల కోసం కేంద్రం 2015లోనే కార్యక్రమం ప్రారంభించింది. నెలసరి తప్పినవారికి ముందుగా గర్భనిర్ధారణ, తరువాత థైరాయిడ్ పరీక్ష చేసి, ఏయే మందులు మింగుతున్నారో అడిగితే చాలామంది విషయంలో చిక్కు అక్కడే విడిపోతుంది. మందుల గురించి అడగడానికి పైసా ఖర్చు లేదు. ఆశా కార్యకర్తలు, నర్సులు ఈ సంగతి ఇంటింటికీ చెప్పగలిగితే పేదల డబ్బు మిగులుతుంది.

పరీక్షకు వెళ్లేవారు ఇంట్లో వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకుపోయి వైద్యుడికి చూపాలి. మాత్ర పేరు గుర్తు లేకపోయినా అట్ట మీద వుంటుంది. నిజంగా గడ్డ వున్నవారిని త్వరగా పెద్దాసుపత్రికి పంపడానికీ, లేనివారు అప్పులపాలు కాకుండా వుండడానికీ ఇదే దారి.